వీపున తెచ్చిన కొమ్మలు

అంటుకొమ్మలతో విమానం ఎక్కాల్సి వస్తే సంచిని మీ వీపు మీదే ఉంచుకోండి. సామాన్ల గదిలో వేస్తామని ఎంత మర్యాదగా అడిగినా ఇవ్వకండి. తోటల శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చి, "మాకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి సార్" అని అడిగితే నేను చెప్పిన మొదటి మాట ఇది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ చీడల గురించో, ఎరువుల గురించో చెబుతాననుకున్నట్టున్నారు. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని కూడా అనుకొని ఉంటారు. కాఫీ తాగి వెళ్లిపోయారు. వాళ్లకు సగంలో ఆపిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు రాయను. అవి అందరికీ వచ్చేవే, నాకు కొంచెం ఆలస్యంగా వచ్చాయి. కడప జిల్లాలో నా ఉద్యోగం మొదలైన కొత్తలో, అంటే కర్నూలు రాజధానిగా ఉండి సగం ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. తర్వాత నేర్చుకున్నదంతా దానికి తోకే.

పని ఏమిటంటే

మా పని చెట్ల గురించి అనుకుంటారు. నిజానికి అది నమ్మకం గురించి. రైతు ఈరోజు మొక్క నాటితే కాయ రుచి తెలిసేది ఆరేడేళ్లకు. అప్పటికి మొక్క అమ్మినవాడు ఊళ్లో ఉండడు, సలహా ఇచ్చిన ఆఫీసరుకు బదిలీ అయి ఉంటుంది. మిగిలేది రైతూ చెట్టూ. అందుకే ఈ పనిలో అబద్ధం చెప్పడం చాలా సులువు.

చీనీ చెట్టును, అంటే కోస్తావాళ్లు బత్తాయి అనేదాన్ని, గింజ నుంచి పెంచరు. ముందు జంబీర మొక్కను పెంచుతారు. గట్టిది, ఎండకు ఓర్చుకుంటుంది, కాయ మాత్రం నోట పెట్టలేం. దాని బెరడు చీల్చి మంచి చీనీ కొమ్మ నుంచి తీసిన ఒక కన్నును, అంటే చివురు పుట్టే మొగ్గను, అందులో దూర్చి కడతారు. కన్ను బతికితే అది చీనీ చెట్టు. చస్తే అడుగున ఉన్న జంబీరే పైకి పెరుగుతుంది. ఆకును చూసి తేడా చెప్పడం అలవాటున్న కంటికే సాధ్యం.

కన్ను బతికిందో లేదో చూసే పద్ధతి కూడా చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. కొమ్మ కోయగానే ఆకులు తుంచేసి, ప్రతి కన్ను దగ్గర ఆకు కాడను మాత్రం వేలి వెడల్పు వదులుతాం. అంటు కట్టిన రెండు వారాల తర్వాత ఆ కాడను వేలితో తాకాలి. తాకగానే ఊడి రాలితే కన్ను బతికినట్టు. ఎండి అంటుకుపోయి ఉంటే చచ్చినట్టు. కొత్తవాళ్లు దీన్ని ఎప్పుడూ తలకిందులుగా అనుకుంటారు, పట్టుకొని ఉన్నది బతికిందని సంబరపడతారు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే పడ్డాను.

ఓబులేసు తోట

రాజంపేట నుంచి ఒంటిమిట్ట పోయే దారిలో ఒక పల్లెలో ఓబులేసు అనే రైతు ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అతని తండ్రి ఎవరి దగ్గరో చీనీ మొక్కలని కొని, బావి చుట్టూ రెండు వందలు నాటాడు. ఆరేళ్లు కుండలతో నీళ్లు పోశారు. కాపు వచ్చాక చూస్తే అన్నీ జంబీరలే. ఆ కాయను కోసి నా చేతిలో పెట్టి ఓబులేసు భార్య సుబ్బమ్మ అంది: "తినండి సార్. మేము ఆరేండ్లు తిన్నది ఇదే."

చెట్లు పీకేసి బావిని కౌలుకిచ్చి, ఇద్దరూ రాళ్ల క్వారీలో కూలికి పోవాలనుకుంటున్నారు. నేనే ఆపాను. చెట్టు గట్టిదే గదా, తలలు నరికేస్తే మోడు నుంచి కొత్త చివుళ్లు వస్తాయి, ఆ చివుళ్లకు చీనీ కన్ను కడదాం, రెండేళ్లలో కాపు చూస్తావు అన్నాను. పుస్తకంలో ఉన్నదే చెప్పాను. అయితే నేను అప్పటికి ఎక్కడా ఒక్క తోట కూడా అలా మార్చలేదు. ఆ ముక్క చెప్పలేదు.

ఓబులేసు చలికాలంలో రెండు వందల చెట్ల తలలూ నరికేశాడు. నేను చూడ్డానికి వెళ్తే బావి చుట్టూ మోకాటెత్తు మోడులు. గట్టు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు.

"నువ్వు చెప్పినట్టే" అనలేదు అతను. అప్పటికింకా నన్ను మీరు అనేవాడు. "మీరు చెప్పినట్టే చేసినాము సార్. ఇంగ మీ చేతిలో ఉండాది" అన్నాడు.

ఆ ఏడు మా చుట్టుపక్కల చీనీ తోటలన్నిటికీ ఎండు తెగులు. ఆ కొమ్మలు తెస్తే తెగులును పిలిచి పీట వేసినట్టే. మా పై అధికారి రామనాథం గారు కోస్తా మనిషి, ఇస్త్రీ చెడని మనిషి. ఉత్తరాదిన పంజాబు వైపు ఒక తోటలో తెగులు లేని మంచి రకం ఉందని కనుక్కొని కొమ్మలు తెమ్మని నన్ను పంపారు. వెళ్లేది రైల్లో. తిరిగి వచ్చేది విమానంలో, ఎందుకంటే జూన్ ఎండలో మూడు రోజులు రైల్లో వేగితే కొమ్మ బతకదు. ఢిల్లీ నుంచి మద్రాసు విమానం, అక్కడి నుంచి రాజంపేటకు రైలు.

ఇంకో తొందర కూడా ఉంది. చెట్టులో నీరు ఆడుతున్నంతకాలమే బెరడు లేస్తుంది. బావిలో నీళ్లు అడుగంటితే బెరడు కట్టెకు కరుచుకుపోతుంది, కత్తి దిగదు. ఓబులేసు బావిలో నీళ్లు నెలకు మించి ఉండవు.

సంచి

యుద్ధం అయిపోయాక అమ్మేసిన మిలిటరీ సామాన్లలో దొరికిన కాన్వాసు సంచి ఒకటి మా ఆఫీసులో పడి ఉండేది. దాన్ని కడపలో మస్తాన్ సాహెబ్ అనే దర్జీ దగ్గరికి తీసుకుపోయి, భుజానికి ఒక పట్టీ వేయమన్నాను. ఆయన తిప్పి తిప్పి చూశాడు.

"ఒకటి గాదు సార్, రెండెయ్యాల. వీపుకు తగిలిచ్చుకుంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. చెట్టెక్కొచ్చు, దిగొచ్చు."

లోపల అరటి దొప్పలు పట్టే అరలు కూడా ఆయనే కుట్టాడు. తడి నాచులో చుట్టిన కొమ్మలు నిలువుగా నిలబడేవి. నలభై ఏళ్లలో ఇంతకంటే మంచి పనిముట్టు నాకు ఏ ఆఫీసూ ఇవ్వలేదు.

రామనాథం గారికి మాత్రం అది నచ్చలేదు. "ఆఫీసరువా, హమాలీవా?" అన్నారు. మా వైపు బరువు నెత్తిన మోస్తారు, భుజాన మోస్తారు, బండి మీద వేస్తారు. వీపున మోసేది మార్కెట్లో బస్తాలెత్తే హమాలీ, ఆ తర్వాత చాకిరేవు గాడిద. చదువుకున్నవాడు వీపుకు బరువు తగిలించుకొని నడవడం ఎవరూ చూడలేదు. నేను నవ్వేసి ఊరుకున్నాను, కానీ ఆ మాట లోపల ఎక్కడో కూర్చుంది.

మొదటిసారి

తోటలో కొమ్మలు కోసుకొని, తడిపి, చుట్టి, అర్ధరోజులో ఢిల్లీ విమానాశ్రయానికి చేరాను. ఆ రోజుల్లో చిన్న విమానాలు. సామాన్లతోపాటు మనిషిని కూడా తూచేవారు. నేను వీపున సంచితో కాటా ఎక్కి నిలబడ్డాను. వెనకాల సూట్లు వేసుకున్నవాళ్లు, పట్టుచీరల వాళ్లు. సంచి అడుగు నుంచి నీళ్లు చుక్కచుక్కగా కాటా మీద పడుతున్నాయి.

ఆ వరసలోనే నందికొట్కూరు వ్యాపారి ఒకాయన ఉన్నాడు. తెలుగు పేపరు నా చేతిలో చూసి పలకరించాడు. మంచివాడే, ఎగతాళి చేయాలని కూడా కాదు, ఊరి మనిషి కనబడ్డాడన్న సంతోషంలో అన్నాడు.

"ఏమప్పా, ఢిల్లీలో గూడా హమాలీ పని చేస్తాండావా?"

అర్థం కాకపోయినా వరసలో ఇద్దరు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. గుమాస్తా అదే క్షణంలో, "అది సామాన్లతో వేయమంటారా?" అని అడిగాడు. వేయమన్నాను. ఆ ఒక్కమాటకు అరక్షణం పట్టింది. పట్టీలు విప్పుతుంటే భుజాలు తేలికయ్యాయి, ఆ వ్యాపారి పక్కన కూర్చుని దర్జాగా కబుర్లు చెప్పుకుంటూ వచ్చాను. బనగానపల్లె మామిడి గురించి ఆయన, పంజాబు చీనీ గురించి నేను.

మద్రాసులో దిగితే సంచి రాలేదు. నాగపూరులో బరువు ఎక్కువైందని కొన్ని సామాన్లు దించేశారట. మూడో రోజు వచ్చింది. రేకుల షెడ్డులో ఉంచి ఉంటారు, కాన్వాసు పెళుసుగా ఎండిపోయి ఉంది. నాచు పొడిపొడిగా రాలింది. ఒక కొమ్మ తీసి గోటితో గీకాను. బెరడు కింద పచ్చగా ఉండాలి. టీ డికాషన్ రంగులో ఉంది. ఇంకొకటి గీకాను, అదీ అంతే. పదో పన్నెండో గీకితే ఒకదాని మొదట్లో కాస్త పచ్చదనం కనబడింది. ఆ కాస్త పచ్చదనాన్ని పట్టుకొని రాజంపేట రైలెక్కాను.

రైల్లో నాకు నేను చెప్పుకున్నవన్నీ మీకు తెలియాలి, ఎందుకంటే మీరూ చెప్పుకుంటారు. కొన్ని బతకొచ్చు. భూతద్దం కింద చూస్తేగానీ తెలియదు. రైతును ముందే బెదరగొట్టకూడదు. ప్రయత్నం చేయకుండా చచ్చాయనడం శాస్త్రం కాదు. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ కలిపితే అబద్ధం.

సుబ్బమ్మ చేను గట్టు దగ్గర పసుపు సున్నం కలిపిన నీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది. పెళ్లికూతురు ఇంటికొచ్చినప్పుడు తీసినట్టు ఆ సంచికి దిష్టి తీసింది. నేను సంచి మోస్తూ ఆ పళ్లెం ముందు నిలబడ్డాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

అంటు కట్టే పనివాళ్లు ఇద్దరితో కలిసి రెండు రోజులు కట్టాను. చచ్చిన కన్నుల కోసం అతని చెట్ల బెరడు చీల్చాను.

కాడలు

రెండు వారాలకు వెళ్లాను. నాకంటే ముందే సుబ్బమ్మ ఒక్కో చెట్టూ చూసుకుంటూ తిరుగుతోంది. ఎదురొచ్చి, "అన్నీ గట్టిగా పట్టుకొని ఉండాయి సార్. లాగినా రాలేదు" అంది. మొహం వెలిగిపోతోంది.

ఈ ఉద్యోగంలో నాకు బాగా గుర్తున్న మొహం అదే. ఆమెకు కాడ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను.

నేను ఏమీ అనకుండా కడపకు తిరిగి వచ్చేశాను. నేరుగా రామనాథం గారి గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను, సంచిని ఎందుకు దించానో కూడా. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఓబులేసుకు చెప్పావా?"

"ఇంకా లేదు సార్. ముందు మీకు..."

"నాకెందుకయ్యా ముందు? చెట్లు నావా? వెళ్లి అతనికి చెప్పిరా. తర్వాత రా నా దగ్గరికి."

ఆయన ఇస్త్రీ చొక్కాను చూసి నేను చాలా తక్కువ అంచనా వేశాను. పై అధికారి గురించి తొందరపడి అభిప్రాయం ఏర్పరచుకోకండి, అతను మీ తప్పును ఎలా వింటాడో చూసేదాకా.

మర్నాడు పొద్దున్నే ఓబులేసుకు చెప్పాను. బావిలోకి దిగి పూడిక తీస్తున్నాడు. గట్టు మీదినుంచి చెప్పడానికి నోరు రాక నేనూ మెట్లు దిగాను. విని, పార ఆనించి నిలబడ్డాడు.

"మద్రాసులోనే తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసే కోసినావా నా చెట్లను?"

"అవును."

అతను అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. వంగి నీళ్లలో చెయ్యి పెట్టి లోతు చూశాడు. ఆ రోజు మొదలు నన్ను నువ్వు అనే అన్నాడు, చివరిదాకా. ఆ మాట నాకు తగిందేనని ఆనాడే అనుకున్నాను.

"నీళ్లు ఇంగో పన్నెండు దినాలు ఉంటాయి" అన్నాడు చివరికి. "అంతలోపల మళ్లా తేగలవా?"

"తేగలను."

"నేనూ వస్తా. ఈతూరి నా వీపు మీద వస్తాది."

అతను వస్తానన్న సంగతి రామనాథం గారికి చెబితే ఆయన, "ఇద్దరూ వెళ్లండి. ఒకడు మోయడానికి, ఒకడు సిగ్గుపడడానికి" అన్నారు. ఒక రైతుకు విమానం టిక్కెట్టు ఇప్పించడానికి ఆయన కర్నూలు గుడారాల్లో ఎవరెవరి ముందు నిలబడ్డారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

రెండోసారి

ఢిల్లీలో అదే కాటా. ఓబులేసు పంచె, తలగుడ్డ, వీపున కారుతున్న సంచితో ఎక్కి నిలబడ్డాడు. వెనక నుంచి నవ్వులు మళ్లీ వినబడ్డాయి. అతను తలతిప్పి నవ్వినవాళ్లను తేరిపార చూసి, ఏ భావమూ లేకుండా మళ్లీ ముందుకు తిరిగాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూశాడంతే.

గుమాస్తా సంచి ఇమ్మని చెయ్యి చాచాడు. ఓబులేసు పట్టీల మీద చేతులు వేసుకున్నాడు.

"ఏమంటాండాడు?"

"సంచి కింద వేస్తారట. నీతో ఉంచుకోవాలంటే కారణం చెప్పమంటున్నాడు."

"నన్నూ దాన్నీ కలిపే తూచినారు గదా. కలిపే పోతాము. ఇడదీస్తే తూకం తప్పు గాదా? అడుగు ఆయప్పను."

నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. గుమాస్తా నా వైపు, అతని వైపు చూసి, కాగితం మీద ఏదో గీసి లోపలికి పొమ్మన్నాడు. నేను నెల కిందట చెప్పాల్సింది ఆ రెండు ముక్కలే. ఇంగ్లీషు రానివాడు చెప్పాడు.

విమానంలో హోస్టెస్ అమ్మాయి సంచిని కాళ్ల దగ్గర పెట్టమంది. "చెట్టును కాళ్ల కింద యాడ పెడతారమ్మా" అని ఒళ్లో పెట్టుకున్నాడు. భయపడతాడేమో, కబుర్లు చెబుదామని నేను సిద్ధంగా ఉన్నాను. అతనికి భయపడే తీరిక లేదు. అర్ధగంటకొకసారి మూత తీసి, నాచును చేత్తో తాకి, తాగమని ఇచ్చిన గ్లాసులోంచి నాలుగు చుక్కలు చల్లేవాడు. మద్రాసు దాకా అతను ఒక్క గుక్క తాగడం నేను చూడలేదు. కిటికీలోంచి కింద కొండలు, ఎండిన వాగులు కనబడుతుంటే చూడమన్నాను. ఒకసారి వంగి చూసి, "అంతా మన నేల మాదిరే ఉండాది. నీళ్లు లేవు" అన్నాడు.

నాగపూరులో మళ్లీ బరువు ఎక్కువైంది. మళ్లీ కొన్ని సామాన్లు దించారు. వాటిలో నా ట్రంకు ఉంది. మద్రాసులో నేను కట్టుబట్టలతో దిగాను, ఓబులేసు సంచితో దిగాడు. రాజంపేట రైల్లో ఒక కొమ్మ తీసి నా చేతికిచ్చి గీకమన్నాడు. గోరు కింద పచ్చగా, తడిగా వచ్చింది. అతను ఆ పచ్చదనాన్ని వేలితో తుడిచి వాసన చూశాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేం లేదు.

ఈసారి సుబ్బమ్మ పళ్లెం పట్టుకొని నిలబడలేదు. భర్త వీపు మీది సంచిని రెండు చేతులా దించుకొని, నా వైపు చూడకుండా నీడలోకి తీసుకుపోయింది. బావిలో నీళ్లు మోకాలి లోతు ఉన్నాయి. మోటకు అందకపోతే అంటు కట్టిన నాలుగు రోజులూ పల్లెవాళ్లు మెట్ల మీద వరసగా నిలబడి కడవలతో అందుకున్నారు. బెరడు లేచింది. కొన్ని చెట్లకు కష్టంగా, కానీ లేచింది.

పద్దెనిమిదో రోజు వెళ్లాను. ఇద్దరూ నా కోసం ఆగి ఉన్నారు, ఒక్క కాడనూ ముట్టలేదు. "నువ్వు చూడు" అన్నాడు ఓబులేసు. నేను వెనకాడుతుంటే సుబ్బమ్మ ముందుకొచ్చింది. మొదటి చెట్టు దగ్గర వంగి, చిటికెన వేలితో కాడను తాకింది. అది ఊడి ఆమె అరచేతిలో పడింది. పక్క చెట్టుకు పోయింది. అదీ పడింది. అలా వరస చివరిదాకా వెళ్లి, పిడికెడు ఎండు కాడలు కొంగులో మూట కట్టుకొని తిరిగి వచ్చి, ఆరేళ్లలో మొదటిసారి గట్టు మీద నింపాదిగా కూర్చుంది. అన్నీ బతకలేదు. నాలుగింట మూడు వంతులు బతికాయి. మిగిలినవాటికి మరుసటి ఏడు ఆ బతికిన చెట్ల కొమ్మలతోనే కట్టాం.

సంచి ఎక్కడుంది

వచ్చేటప్పుడు సంచి అడిగాను. ఆఫీసు సామాను, లెక్క చెప్పాలి. పశువుల కొట్టంలో గుంజకు తగిలించి ఉంది. ఓబులేసు దాని వైపు కూడా చూడలేదు.

"అది ఈడే ఉండనీ సార్. నీకిస్తే, మళ్లా ఎవురన్నా నవ్వితే కింద ఇచ్చేస్తావు."

కోపంగా అనలేదు. మజ్జిగ చెంబు నా చేతికి అందిస్తూ అన్నాడు. మజ్జిగ తాగి చెంబు తిరిగిచ్చాను. ఆఫీసుకు వచ్చి సామాన్ల పుస్తకంలో, "కాన్వాసు సంచి ఒకటి, రైతు దగ్గర ఉంది, ఇవ్వనన్నాడు" అని రాశాను. రామనాథం గారు చదివి, తల ఎత్తకుండా సంతకం పెట్టారు.

మస్తాన్ సాహెబ్ దగ్గర అలాంటిదే ఇంకొకటి నా సొంతానికి కుట్టించుకున్నాను. ఆ తర్వాత కొమ్మలతో చాలాసార్లు విమానం ఎక్కాను, ప్రతిసారీ అది వీపు మీదే ఉంది. కాటా మీద నిలబడ్డప్పుడు వెనక ఎవరో ఒకరు నవ్వేవారు. ఓబులేసు వింటున్నాడేమో అన్నట్టు నేను పట్టీలు బిగించుకునేవాణ్ణి.